పిడికెడు జొన్నలు: ఒక తల్లిని తలచుకొని



మా సంఘములో ఒక తల్లి ఇటీవల ప్రభువునందు నిద్రించినది. అరువది దాటిన వయస్సు. మక్తల్‌కు కొంత దూరములో ఉన్న పల్లె. భర్త సంఘ పెద్దగా పనిచేసి ఆమెకంటె ముందే వెళ్ళిపోయాడు. సమాధి కార్యక్రమము జరిగిన మూడవ నాడు పెద్ద కుమారుడు మందిరమునకు వచ్చి, "అయ్యగారూ, మా అమ్మ గురించి పత్రికకు నాలుగు మాటలు రాసి పంపుండ్రి" అని అడిగాడు. చేతిలో ఒక ఫోటో ఉన్నది. ఆధార్ కార్డు మీది బొమ్మను పెద్దది చేయించి తెచ్చాడు. ఆమె ఒక్కతే ఉన్న ఫోటో ఇంకొకటి ఆ ఇంట్లో లేదట.

ఆ రాత్రి వ్రాయుటకు కూర్చున్నాము. పది నిమిషములలో సగము పేజీ నిండినది. ఫలానా సంఘ పెద్దగారి భార్య, భర్తకు లోబడి నడుచుకున్నది, బిడ్డలను దేవుని భయములో పెంచినది, సేవకులకు అన్నము పెట్టినది, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. అంతటితో కలము ఆగిపోయింది. మా ఇంటివారు ఆ కాగితము తీసుకొని చదివి, "ఇది ఆమె గురించి కాదు, మన పత్రికలో చనిపోయిన ఆడవాళ్ళందరి గురించి" అన్నారు.

మాకు కొంచెము కోపము వచ్చిన మాట నిజము. పాత సంచికలు తీసి చూశాము. ఏడాది క్రితము మేమే వ్రాసి పంపిన రెండు జ్ఞాపకములున్నవి. ఇద్దరు వేర్వేరు స్త్రీలు, వేర్వేరు ఊళ్ళు. వాక్యములు మాత్రము అవే. పేర్లు అటుదిటు మార్చినా ఎవరూ పట్టుకోలేరు. అదే ఆ భర్తను గూర్చి అడిగితే మేము చూడకుండా చెప్పగలము: మందిరము పైకప్పుకు రేకులు ఎవరితో మాట్లాడి తెచ్చాడో, స్మశానము దారి తగవులో తహశీలు ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగాడో, అన్నీ. ఇరువది ఏండ్లు ఆ ఇంట్లో రొట్టె తిని, రొట్టె చేసిన చేతిని గూర్చి మాకు తెలిసినది ఇంతేనా?

అపొస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయములో యొప్పే పట్టణపు దొర్కా చనిపోయినప్పుడు జరిగినది మీకు తెలుసు. పేతురు వచ్చేసరికి విధవరాండ్రు అక్కడ నిలిచి ఉన్నారు. వాళ్ళు ఆమె గుణములను వర్ణించలేదు. ఆమె కుట్టిన బట్టలు తెచ్చి చూపించారు. మేము కాగితము మడిచిపెట్టి, మరునాడు ఆ పల్లెకు వెళ్ళి, "మీ అమ్మ చేసినవి ఏమున్నవో చూపించండి" అని అడిగాము.

మొదట వాళ్ళకు అర్థము కాలేదు. తర్వాత కోడలు లోపలికి వెళ్ళి బొంతలు తెచ్చి అరుగు మీద పరిచినది. పాత చీరలు మడతలు వేసి చేత్తో కుట్టినవి. మనుమలకు, మనుమరాండ్రకు మనిషికొకటి చొప్పున తొమ్మిది. తొమ్మిదవది సగములో ఆగిపోయి ఉన్నది, సూది ఇంకా దానికే గుచ్చి ఉన్నది. తర్వాత వంటింటి గోడ చూపించారు. పొయ్యి ప్రక్కన బొగ్గు గీతలు. ఆమెకు అక్షరము రాదు. పాలవాడికి ఎన్ని దినములు, దుకాణములో ఎంత అప్పు, కూలికి వెళ్ళిన రోజులెన్ని, అన్నీ గీతలే. సున్నము వేయునప్పుడు ఆ మూర మేర గోడను మాత్రము వదిలిపెట్టమనేదట.

ఆ తర్వాత డబ్బా. పాత డాల్డా డబ్బా, మూత సొట్టబోయినది. పిడికెడు బియ్యపు కానుక సంగతి మన సంఘములన్నిటిలో తెలిసినదే. వంటకు ఎసరు పెట్టేముందు ఒక పిడికెడు తీసి వేరే పెట్టి, వారము చివర స్త్రీల కూడికకు తెచ్చి కలుపుతారు. మా ప్రాంతములో ఒకప్పుడు బియ్యము పండుగనాటి మాట. అందుచేత ఆమె డబ్బాలో పడినవి జొన్నలు. రేషను బియ్యము వచ్చిన తర్వాత బియ్యము పోసినది, కానీ జొన్నలు మానలేదు. "అవి బియ్యము, ఇవి నావి" అనేదట. మేము ఇరువది ఏండ్లుగా ఆ జొన్నలను కానుకలలో లెక్క వ్రాసుకుంటూ, సంఘమునకు బియ్యమిచ్చే స్తోమత లేని ఇల్లు అనుకున్నాము.

మా ప్రాంతము ఎరుగని చదువరుల కొరకు ఒక మాట. మక్తల్ హైదరాబాదు నుండి రాయచూరు పోయే దారిలో ఉన్నది. ఇంకొంచెము ముందుకు పోతే కన్నడము వినబడుతుంది. కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టేది మా వైపే, తంగడి దగ్గర. భీమా నది వచ్చి అక్కడే కలుస్తుంది. రెండు నదులు ప్రక్కనే ఉన్నా మా చేలు మాత్రము ఆకాశము వైపే చూసినవి. జొన్న, కంది, ఆముదము. వాన లేని ఏడు అవీ లేవు. సంగంబండ జలాశయము వంటివి వచ్చిన తర్వాత కొన్ని ఊళ్ళకు కాలువ నీళ్ళు చేరినవి గాని, దానికి ముందు పాలమూరు వాడంటే దేశమంతటా మట్టి పని వాడని పేరు. కోతలు కాగానే మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. బొంబాయికో పుణెకో గుంపుగా బస్సెక్కేవాళ్ళు. మళ్ళీ తొలకరికే రాక.

ఈ తల్లి భర్త అట్లా పదునాలుగేండ్లు వలస పోయాడు. ఈమె ఇంటి దగ్గర ఉండిపోయింది. కాలు పడిపోయిన అత్త, ఒక ఎద్దు, నలుగురు బిడ్డలు. ఎద్దు ఒకటే గనుక పొరుగువాని ఎద్దుతో జత కలిపి దున్నించుకోవాలి. దానికి బదులు అతని చేనిలో కలుపు తీయాలి. భర్త తెచ్చిన డబ్బు అడ్వాన్సు తీరగా మిగిలినదే. ఆ ఇల్లు నడిచింది ఎవరి కష్టము మీదనో లెక్క వేయుటకు మేము గోడ మీది గీతలు చూడవలసి వచ్చింది. సంఘము రిజిష్టరులో మాత్రము కుటుంబ యజమాని గడిలో భర్త పేరు, ఎదురుగా "బొంబాయిలో ఉన్నారు" అని వ్రాసి ఉన్నది.

ఇక మేము చెప్పవలసిన కష్టమైన సంగతి ఒకటి ఉన్నది.

మేము వేదాంత డిప్లొమా పుచ్చుకొని ఈ సంఘమునకు వచ్చిన రెండవ ఏట ఆమె ఒక సాయంత్రము మా ఇంటికి వచ్చింది. కడపటి కూతురు ఏడవ తరగతి పాసైనది. తండ్రి ఆ పిల్లను గుంపుకు వంట చేసిపెట్టుటకు బొంబాయి తీసుకుపోతానన్నాడు. "అయ్యగారూ, పిల్లను హాస్టల్ల వేసి సదివిద్దామనుకుంటున్న. ఆయన ఒప్పుకుంటలేడు. మీ మాట ఇంటడు. ఒక్క మాట జెప్పుండ్రి" అన్నది. మేము ఏమి చేశాము? ఎఫెసీ పత్రిక అయిదవ అధ్యాయము తీసి చదివాము. భర్తను ఎదిరిస్తే ఇంట్లో సమాధానము పోతుందన్నాము. ప్రార్థన చేసి పంపాము. ఆమె "మంచిది అయ్యగారూ" అని వెళ్ళిపోయింది. సంఘ పెద్దతో తగవు పెట్టుకొనుట అప్పటి మాకు ఇష్టము లేదు. వయస్సు చిన్నది, ఉద్యోగము కొత్తది. ఇప్పుడు ఆలోచిస్తే ఆనాడు మేము చదివిన వాక్యము మా భయమునకు ఒక తెర.

అయితే ఆ పిల్ల హాస్టలుకు వెళ్ళింది. మా ప్రార్థన విని ప్రభువు ఆ తండ్రి మనస్సు మార్చాడని మేము సంతోషించాము. అంతేకాదు, రెండు ఉపవాస కూడికలలో దానిని సాక్ష్యముగా కూడా చెప్పాము. ఆమె ఆ రెండు కూడికలలోను ముందు వరుసలో చాప మీద కూర్చున్నది. తల మీద కొంగు సవరించుకొని విన్నది. ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు ఆ కూతురు, ఏ.ఎన్.ఎం. చదివి సర్కారు సబ్‌సెంటరులో పనిచేస్తున్నది, అరుగు మీద కూర్చొని మాకు అసలు సంగతి చెప్పింది. మా ఇంటి నుండి వెళ్ళిన మరునాడే ఆమె కాళ్ళ వెండి కడియాలు మక్తల్ బజారులో అమ్మివేసింది. పెళ్ళినాడు పుట్టింటివారు పెట్టినవి. ఆ డబ్బుతో పిల్లకు పెట్టె, దుప్పటి, రెండు జతల బట్టలు కొని, బస్సెక్కించి, హాస్టలులో వదిలి వచ్చింది. భర్త తిరిగి వచ్చిన రాత్రి అన్నము పెట్టి, తినుట అయిన తర్వాత, "పిల్లను సదువుకు పంపిన. కడియాలు అమ్మిన. కోపముంటే నన్ను తిట్టు, పిల్లను తోలుకరావద్దు" అన్నది. ఆయన నాలుగు నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఆమె రోజూ మాట్లాడినదట, ఆయన పలికినా పలకకపోయినా. ఆయన చివరి దినములలో షుగరు ముదిరి కాలు పుండుపడినప్పుడు కట్టు కట్టింది ఆ కూతురే. "మీ అమ్మ ఆనాడు నా మాట ఇనకపోయె, మంచిదాయె" అని ఆయన అన్నాడని ఆమె చెప్పి కండ్లు తుడుచుకున్నది.

మేము ఏమనవలెనో తోచక, "మరి అమ్మ మాతో ఎందుకు చెప్పలేదు?" అని అడిగాము. కూతురు నవ్వింది. "మీరు సాక్ష్యం చెప్పుకున్నరు గద అయ్యగారూ, సంతోషపడుతుంటె ఎందుకులే అన్నది."

ఆ రాత్రి ఇంటికి వచ్చి సమూయేలు మొదటి గ్రంథము ఇరువది అయిదవ అధ్యాయము చదివాము. అబీగయీలు తన భర్త నాబాలుతో చెప్పకుండా గాడిదల మీద రొట్టెలు, ద్రాక్షపండ్ల గెలలు వేసుకొని దావీదుకు ఎదురు వెళ్ళింది. ఇల్లంతా నాశనము కాకుండా కాపాడింది. ఆ రాత్రి భర్త తాగి ఉన్నాడు గనుక మాట్లాడక, తెల్లవారి మత్తు దిగిన తర్వాత చెప్పింది. ఈ అధ్యాయము మీద మేము ఎన్నడూ ప్రసంగించలేదు. సామెతలు ముప్పది యొకటి మాత్రము ప్రతి స్త్రీల ఆదివారమునాడు చదివించాము. అక్కడ కూడా, తెల్లవారక మునుపే లేచుట గట్టిగా చెప్పి, పొలము చూచి కొనుట, జ్ఞానముగా నోరు తెరచుట అనే సంగతులు మెల్లగా దాటిపోయాము. ఇరువది రెండు వచనముల ఆ పద్యము హెబ్రీ అక్షరమాల వరుసలో ఉన్నదని, మొదటి అక్షరము నుండి చివరి అక్షరము వరకు ఏదీ విడువకుండా ఆమెను గూర్చి చెప్పినారని మేము క్లాసులో నేర్చుకున్నదే.

గొప్పవారి ఇండ్లలోనైనా తల్లుల సంగతి నిలిచి ఉన్నదా అని మా దగ్గరున్న పుస్తకములు తిరగవేశాము. ఆదివారమునాడు సంఘములో అడిగాము కూడా: "దోర్నకల్ బిషప్ అజరయ్యగారు ఎంతమందికి తెలుసు?" చాలా చేతులు లేచినవి. "ఆయన భార్య పేరు?" ఒక్క చెయ్యి లేవలేదు. వెనుక నుండి ఒక పెద్దాయన "బిషప్ అమ్మగారు" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆమె పేరు అన్బు మరియమ్మాళ్. అన్బు అంటే అరవములో ప్రేమ. తిరునెల్వేలి పిల్ల. దక్షిణ దేశములో కాలేజీ చదువు వరకు వెళ్ళిన మొదటి కొద్దిమంది క్రైస్తవ స్త్రీలలో ఒకతె. 1898లో అజరయ్యగారితో పెండ్లి. అప్పుడాయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శి. ఆ ఉద్యోగమే తిరుగుడు ఉద్యోగము. ఈ రోజు మద్రాసు, రేపు ఇంకొక రాష్ట్రము. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు మన వాళ్ళే మన దేశమునకు సువార్త తీసుకుపోవాలని ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. దానికి కారకులలో ముఖ్యుడు ఆయనే. ఇతరులను పంపి తాను ఇంటి దగ్గర ఉండుట తగదని 1909లో ఆయనే నైజాము రాజ్యములోని దోర్నకల్‌కు వచ్చాడు.

ఆయన వచ్చాడని పుస్తకములు వ్రాస్తవి. ఆమె కూడా వచ్చింది గదా! బిడ్డల తల్లి. పుట్టింటికి అన్ని దినముల దూరము, తెలియని భాష. దోర్నకల్ అప్పుడు సింగరేణి బొగ్గుకు దారి చీలే రైలు జంక్షను, చుట్టూ అడవి. మొదటి దినములలో గుడారములలోనే కాపురము. కాలేజీ చదివిన స్త్రీ బిడ్డల తల్లియైన తర్వాత తెలుగు అక్షరములు దిద్దుకొని, మాల మాదిగ పల్లెలలో అక్షరము రాని స్త్రీల మధ్య కూర్చున్నది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్యగారికి బిషప్ అభిషేకము జరిగినది. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1945 జనవరి 1న ఆయన మరణించేనాటికి ఆ డయాసిస్ సభ్యులు రెండు లక్షలు దాటారు. ఆ రెండు లక్షలలో సగము స్త్రీలు గదా. ఆ స్త్రీలలో పని, తల్లుల కూడికలు, ఆడపిల్లల చదువు, వీటిలో ఆమె చేయి ఉన్నది.

అజరయ్యగారి వెనుక ఇంకొక తల్లి ఉన్నది, ఆయనను కన్న ఎలెన్. ఒక కూతురు పుట్టిన తర్వాత పదమూడేండ్లు మరొక బిడ్డ కొరకు ఎదురుచూసి, హన్నా వలె ప్రార్థించి కన్న కొడుకు గనుక సమూయేలు అని పేరు పెట్టారు. 1889లో భర్త పోయాడు. పిల్లవాడు ఇంకా చిన్నవాడే. బడిపిల్లల హాస్టలుకు మేట్రనుగా పనిచేసిన తల్లి ఆమె. మా సంఘపు తల్లికి కడియాలు, ఆమెకు మేట్రను పని. మా కంటికి రెండూ ఒకటే వరుసలో కనబడినవి.

ఇంకొక సంగతి కూడా మనస్సులో మెదిలినది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద తెలుగువారి రక్షణ కొరకు ప్రార్థించినవారు అయిదుగురు. బాప్తిస్టు సంఘములన్నిటిలో ఈ కథ చెప్పుకుంటారు. జూవెట్ దొరగారు, ఆయన భార్య, నరసు, జూలియా, రూతు. అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు. దొరగారి ఇంటిపేరుతో ఆ కొండను తలచుకుంటాము గాని, చీకట్లో ఆ రాళ్ళ మీద ఎక్కిన పాదములలో ఎక్కువ స్త్రీలవే అని మాకు ఇన్నాళ్ళు తట్టలేదు.

ఇదంతా వ్రాస్తుంటే మా ఇంటివారు మరొక ప్రశ్న వేశారు. "ఆమె కడియాలు అమ్మింది, సరే. ఆమెకు కావలసినది ఏమిటో ఎవరైనా అడిగారా?" మేము మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళి అడిగాము. కొడుకులిద్దరూ ఒకరి ముఖము ఒకరు చూసుకున్నారు. పెద్దకోడలు మాత్రము చెప్పింది. ఆమెకు చదువుకోవాలని ఉండేదట. మనుమరాలి పలక తీసుకొని మధ్యాహ్నపు వేళ తలుపు దగ్గరగా వేసి దిద్దేదట. యేసు అనే మాట వచ్చింది. తన పేరు సగము వచ్చింది. "అయ్యగారికి చెప్పకు, ముసలిదానికి సదువేందని నవ్వుతరు" అన్నదట.

మేము నవ్వేవాళ్ళమేమో. తెలియదు.

అలసిపోయి, పస్తుండి, అందరి తర్వాత తిని, మిగలకపోతే నీళ్ళు తాగి పడుకున్న తల్లులను మనము మెచ్చుకుంటాము. ఆమె కూడా అట్లా పడుకున్న రాత్రులున్నవని కూతురు చెప్పింది. రక్తము తక్కువై రెండుసార్లు జడ్చర్ల తీసుకుపోవలసి వచ్చిందని కూడా చెప్పింది. ఆ పస్తును సుగుణముగా చెప్పి మేము ఎన్ని ప్రసంగములు చేశామో! నర్సు పని చేసే కూతురు దానిని సుగుణమనలేదు. "అమ్మకు ముందు పెట్టేటోళ్ళు ఉంటె ఇంకో పదేండ్లు బతుకుతుండె" అన్నది. ఆ మాటకు ఆ అరుగు మీద ఎవరూ జవాబు చెప్పలేదు.

సమాధుల రిజిష్టరులో మేము "ఫలానావారి భార్య" అని వ్రాసి ఉన్నాము. దానిని కొట్టివేయలేదు. పైన ఖాళీలో ఆమె పేరు, క్రింద "బొంతలు, పిడికెడు జొన్నలు, కూతురి చదువు" అని వ్రాశాము. పెద్దవారు ఎవరైనా రిజిష్టరు చూసి ఇదేమిటని అడిగితే చెప్పుకుంటాము. ఆ రెండు ఉపవాస కూడికలలో మేము చెప్పిన సాక్ష్యమును గూర్చి మొన్నటి ఆదివారము సంఘము ఎదుట సరిదిద్దుకున్నాము. కొందరికి అది నచ్చలేదు. భర్తకు చెప్పకుండా నగలు అమ్మమని అయ్యగారు ఆడవాళ్ళకు నేర్పుతున్నారని ఒక పెద్దాయన కూడిక అయిన తర్వాత అన్నాడు. అబీగయీలు అధ్యాయము చదివి వచ్చే వారము మాట్లాడదామని ఆయనతో అన్నాము. చదివాడో లేదో ఇంకా రాలేదు.

ఇంగ్లండులో 1876లో తల్లుల సంఘము మొదలుపెట్టిన మేరీ సమ్నర్ అనే పాదిరిగారి భార్య మొదటి కూడికలో నోట మాట రాక అందరినీ ఇంటికి పంపివేసి, తరువాతి వారము మళ్ళీ పిలిచి మాట్లాడినదట. అది గుర్తుంచుకొని మా స్త్రీల కూడికలో మేము ప్రసంగము మానుకొని, "మీ మీ తల్లులు చేసినది ఒక్కటి చెప్పండి, గుణము కాదు, పని" అని అడిగాము. మొదట ఒక్కరూ నోరు తెరవలేదు. చాప అంచు పీకుతూ కూర్చున్నారు. తర్వాత ఒకామె, వాళ్ళమ్మ కరువు ఏట కలిఆకుతో ఎన్ని విధముల కూర చేసేదో చెప్పింది. ఇంకొకామె, వాళ్ళమ్మ రజాకార్ల కాలములో బిడ్డలను జొన్నచేనిలో దాచిన సంగతి తన అవ్వ నోట విన్నానని చెప్పింది. ఒకామె తల్లి మంత్రసాని, చేతి మీద ఎంతమంది పుట్టారో ఊరు లెక్క చెప్పుకుంటుంది. మా ఇంటివారు నోటుబుక్కులో పేర్లతో సహా వ్రాసుకున్నారు. పదునాలుగు పేర్లు వచ్చినవి.

చీకటి పడుతుంటే ఎవరో రొట్టెలు చేయాలని గుర్తు చేశారు. లేచి వెళ్ళేటప్పుడు ఒక ముసలమ్మ వెనక్కి తిరిగి, "మా అమ్మది ఇంకొకటున్నది అమ్మగారూ, బుధవారం జెప్త, కాగితం ఉంచుండ్రి" అన్నది.